దారి చూపేది గడియారమే

ఫోన్‌లో నీలి చుక్క కదులుతుంటే పైనుంచి ఏదో ఉపగ్రహం మనల్ని కనిపెట్టి చూస్తోందని చాలామంది అనుకుంటారు. అది మనల్ని చూడదు. దారి వెతికిపెట్టడానికి మన ఫోన్ దానికి ఏమీ పంపదు కూడా. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహం పదేపదే చెప్పేది ముఖ్యంగా రెండే సంగతులు: తానెక్కడున్నదీ, అప్పుడు టైమెంతైందీ. ఆ సంకేతం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది కాబట్టి, దారిలో ఎంతసేపు పట్టిందో తెలిస్తే దూరం తెలిసిపోతుంది. సెకనులో పదిలక్షల వంతు తేడా వస్తే చాలు, దూరం 300 మీటర్లు తప్పుతుంది. కాబట్టి ఉపగ్రహంలో అసలు సరుకు అటామిక్ గడియారం. మిగతాదంతా దాన్ని మోసే బండి.

మరి ఫోన్‌లో ఉండేది చవక క్వార్ట్జ్ గడియారమే కదా అని అడగొచ్చు. అది ఎంత తప్పినా, ఆ తప్పు అన్ని ఉపగ్రహాల లెక్కలోనూ ఒకేలా కలుస్తుంది. అందుకే చోటు తేల్చడానికి మూడు ఉపగ్రహాలు, ఆ తప్పు తేల్చడానికి నాలుగోది. ఉపగ్రహాల గడియారాలు ఒక్కోటీ ఒక్కోలా తప్పితే మాత్రం ఈ ఉపాయం పారదు. ఐన్‌స్టీన్ చెప్పినట్టే కక్ష్యలో కాలం ఇక్కడికంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. అందుకని ఆ గడియారాలను నేలమీదే కాస్త నెమ్మదిగా నడిచేలా సరిచేసి పంపుతారు.

గడియారమే అసలు సరుకన్న సంగతి మన సొంత దారిచూపే ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కథలో స్పష్టంగా కనిపిస్తుంది. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన తొలి ఉపగ్రహంలో మూడు రుబీడియం అటామిక్ గడియారాలుండేవి, మూడూ విదేశీవే. అవన్నీ ఆగిపోయాయి. ఉపగ్రహం కక్ష్యలోనే మిగిలింది, కానీ దారి చూపడానికి పనికిరాలేదు. దానికి బదులు 2017లో పంపింది ఉష్ణకవచం విడిపోక వృథా అయింది. ఇలాంటిదే అయిన యూరప్ వారి వ్యవస్థ గెలీలియోకూ గడియారాల బెడద తప్పలేదు. 2023 మేలో వెళ్లిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లోకి స్వదేశీ రుబీడియం గడియారం చేరింది.

జీపీఎస్ ఉచితంగా ఉండగా ఇదంతా ఎందుకనేది తోసెయ్యదగ్గ ప్రశ్నేమీ కాదు. కానీ 2000 మే వరకూ పౌరులకిచ్చే సంకేతాన్ని జీపీఎస్‌ను నడిపే అమెరికా కావాలనే చెడగొట్టి ఇచ్చేది. గడియారం ఎవరి చేతిలో ఉంటే కచ్చితత్వమూ వారి చేతిలోనే. నిజమైన పొరపాట్లన్నీ పై వాతావరణంలోని అయనోవరణం వల్లా, భవనాల వల్లా వస్తాయి కదా అనేది మరింత గట్టి అభ్యంతరం. అయనోవరణం చేసేది సంకేతాన్ని ఆలస్యం చేయడమే. భూమధ్యరేఖకు దగ్గరైన మన ఆకాశంలో ఈ తలనొప్పి ఎక్కువ. రెండు పౌనఃపున్యాల సంకేతాల రాకలో తేడా కొలిస్తే ఆ ఆలస్యం బయటపడుతుంది, అంటే అదీ కాలం లెక్కే. గోడలకు తగిలి చుట్టు తిరిగి వచ్చే సంకేతం విషయంలో మాత్రం పైనున్న గడియారం చేయగలిగిందేమీ లేదు. బండి మొరాయించినా అంతే. 2025 జనవరిలో వెళ్లిన ఎన్‌వీఎస్-02లో వాల్వులు తెరుచుకోక, అది అనుకున్న కక్ష్యకు చేరనేలేదు.