పరిశ్రమే పాఠశాల

పట్టా ఉన్నా పని రాదన్నది పట్టభద్రులపై పరిశ్రమల పాత ఫిర్యాదు. రాజస్థాన్‌లోని పిలానీలో ఉన్న బిర్లా సాంకేతిక విజ్ఞాన సంస్థ (బిట్స్) 1973లోనే దీనికొక మార్గం చూపింది. ‘ప్రాక్టీస్ స్కూల్’ పేరిట విద్యార్థులను రెండో సంవత్సరం ముగిశాక వేసవిలో సుమారు రెండు నెలలు, చివరి సంవత్సరంలో ఐదున్నర నెలలు పరిశ్రమలకు పంపే విధానమిది. అక్కడ చేసిన పని డిగ్రీ లెక్కలోకే వస్తుంది. పరిశ్రమ నిపుణులు మార్గదర్శనం చేస్తే, అధ్యాపకులు పర్యవేక్షిస్తారు.

అప్రెంటిస్‌షిప్‌తో కూడిన డిగ్రీ కోర్సులకు విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం సైతం 2020లో మార్గదర్శకాలు జారీ చేసింది. అయితే దరిదాపుల్లో పరిశ్రమలే లేని గ్రామీణ కళాశాలల మాటేమిటి? పర్యవేక్షణ కొరవడిన శిక్షణ ధ్రువపత్రానికే పరిమితమవుతుంది. విద్యార్థి వెంట గురువు కూడా పరిశ్రమ గడప తొక్కినప్పుడే చదువుకూ, కొలువుకూ మధ్య దూరం తగ్గుతుంది.