ఊపిరితిత్తుల బయాప్సీ – పరికరముల చిక్కులు

ఊపిరితిత్తిలో మచ్చ కనబడినపుడు, అది క్షయయో క్యాన్సరో తేల్చుటకు అచ్చటి కండను రవ్వంత తీసి పరీక్షింతురు. ఇదియే బయాప్సీ. ముక్కు లేక నోటి ద్వారా బ్రాంకోస్కోపు అను వంగెడు గొట్టమును శ్వాసనాళములోనికి పంపి, అందలి సన్నని మార్గముగుండ చిన్న పటకారును దించెదరు. ఇట్టి గొట్టమును 1960 దశకమున జపాను వైద్యుడు షిగెటో ఇకెడా రూపొందించెను.

రక్తస్రావమును గూర్చి వైద్యులు రోగికి ముందే చెప్పుదురు. పరికరము తెచ్చిపెట్టు చిక్కులు అంతగా ప్రస్తావనకు రావు. ఒక్కొక్కప్పుడు పటకారు దవడలు తెరచుకొని మరల మూసికొనవు. మార్గము వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లే గదా! బలముగా వెనుకకు లాగినచో లోపొర చిరుగును. కావున గొట్టమును, పటకారును కలిపి మెల్లగా వెలికితీయుదురు. చిరిగిన పొరలో తేమయు క్రిములును దాగును. అందుచేత వాడిన పిదప గొట్టములోనికి గాలి నింపి, నీట ముంచి, బుడగలు వచ్చునేమో చూతురు. మన వీధి సైకిలు అంగడిలో ట్యూబును పరీక్షించునట్లే!

చిరుగు లేకున్నను కీడు కలుగవచ్చును. 2001–02లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో బ్రాంకోస్కోపు పరీక్ష పొందిన పలువురికి సూడోమోనాస్ అను సూక్ష్మజీవి సోకెను. విచారింపగా కొన్ని గొట్టములకు పటకారు దూర్చు ద్వారపు మూత వదులుగా నున్నట్లు తేలెను. అది తయారీలోని లోపము. ఎంత కడిగినను క్రిములు ఆ సందున నిలిచెను. పాపము, కడిగినవారిని నిందించి ఫలమేమి? ఆ గొట్టముల వాడుక మానిన పిమ్మట వ్యాధి తగ్గెను.