నర్సు సహాయక శిక్షణము: రైతు లెఱుగవలసిన సంగతులు

విత్తనము కొనునప్పుడు రైతు సంచిపైనున్న చీటిని చూడక డబ్బు చెల్లింపడు. కొమార్తెను నర్సు పనిలో శిక్షణమునకు పంపునప్పుడును అట్టి జాగరూకతయే వలయును. ఇంచుమించు ఒకే పేరుతో రెండు విధములగు చదువులు నడచుచున్నవి. వాని భేదమును సభ్యులకు విశదపఱుప నెంచితిమి.

మొదటిది కొలది మాసములలో ముగియు సహాయకురాలి శిక్షణము. రోగిని లేవనెత్తుట, స్నానము చేయించుట, ఆహారము తినిపించుట, కదలలేని వారిని రెండేసి గంటల కొకమాఱు ప్రక్కకు త్రిప్పి పడకపుండ్లు పడకుండ చూచుట యిందు నేర్పుదురు. ఇది గౌరవప్రదమైన పనియే. కాని దీనివలన నర్సింగు మండలిలో నమోదగు అర్హత లభింపదు.

రెండవది సహాయక నర్సు, మంత్రసాని శిక్షణము. దీనినే జనులు ఏ.ఎన్.ఎం. అందురు. భారత నర్సింగు మండలి నియమముల ప్రకార మిది స్త్రీలకే యుద్దిష్టము. వయస్సు 17 ఏండ్లు నిండి, 35కు మించకుండవలెను. ఇంటర్మీడియటులో నుత్తీర్ణత యుండవలెను. శిక్షణకాలము 2 సంవత్సరములు. అందు 6 మాసములు స్వయముగా పనిచేయుచు నేర్చుకొనుటకే కేటాయింపబడినవి. పిమ్మట రాష్ట్ర నర్సింగు మండలిలో పేరు నమోదు చేయించుకొనవలెను.

ఇంతకాల మేలయని కొందఱడుగవచ్చును. ప్రసవానంతరము రక్తస్రావ మధికమైనచో కొలది గంటలలోనే తల్లి ప్రాణము పోవచ్చును. ఆ సమయమున గర్భాశయమును మర్దించుట, తగిన సూదిమందు నిచ్చుట, ఆలసింపక పెద్దాసుపత్రికి పంపుట చేతికి అలవడియుండవలెను. టీకామందులను ఉపకేంద్రములలో 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో నుంచవలెను. వానిలో కొన్ని గడ్డకట్టినచో మొలకశక్తి చచ్చిన విత్తనమువలె నిష్ప్రయోజనము లగును. మైదాన ప్రాంతమున 5,000 మందికిని, కొండ, గిరిజన ప్రాంతములలో 3,000 మందికిని ఒక ఆరోగ్య ఉపకేంద్ర ముండవలెనని ప్రమాణము. ఇన్ని కుటుంబముల క్షేమము ఈమె నేర్పుపై నాధారపడియుండును.

కావున రుసుము చెల్లించుటకు ముందు ఈ నాలుగింటిని విచారింపుడు. పాఠశాలకు నర్సింగు మండలి గుర్తింపు కలదా? దానిని పాఠశాలవారి మాటపై విడువక, మండలివారినే యడిగి తెలిసికొనుడు. అభ్యాసము ఏ ఆసుపత్రిలో జరుగును? అచ్చట ప్రసవములు తగినన్ని యగుచున్నవా? వసతి, భోజనములతో గూడ మొత్తము వ్యయమెంతో వ్రాతమూలకముగా నిత్తురా? అసలు సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి యిత్తురా?

గుర్తింపులేని చోట చేర్చిన రైతునకు చేసిన అప్పు మిగులును; బిడ్డకు రెండేండ్ల కాలము వ్యర్థమగును. సక్రమముగా శిక్షణ పొందిన యువతి తన కుటుంబమునకేగాక తన పల్లెలోని తల్లులకును బిడ్డలకును అండయగును. చేరుటకు ముందు ఒక్కదినము విచారణకై వెచ్చింపుడని సభ్యులను కోరుచున్నాము.