పాత పోలీసు ఖడ్గములు

పాత నాణెములను సేకరించువారివలెనే పాత ఖడ్గములను సేకరించువారును కలరు. రాజుల కరవాలములనేగాక పోలీసు ఖడ్గములను గూడ వారు ఆదరముతో భద్రపఱతురు.

1829లో లండను నగర పోలీసు దళము ఏర్పడెను. అపాయకరమైన తావులలో రాత్రి గస్తీ తిరుగు భటులకు పొట్టి ఖడ్గముల నిచ్చెడివారు. వానిలో కొన్నిటి పిడియందు మీట యుండెను. దానిని నొక్కినగాని కత్తి ఒఱనుండి వెలికి రాదు. దుండగులు చటుక్కున లాగికొనకుండుటకే యీ యేర్పాటు.

మన సీమలో పూర్వము గ్రామరక్షణభారము తలారులపై నుండెను. 1859 నాటి 24వ చట్టముచే మద్రాసు రాజధానిలో నూతన పోలీసు వ్యవస్థ ఏర్పడెను. కొడవలూరు గల నెల్లూరు జిల్లాయు నాడు ఆ రాజధానిలోనిదే. ఆ వ్యవస్థకు చెందిన ఠాణాలలో తుపాకులతోపాటు ఖడ్గములును ఉండెడివి.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన్యములోని చింతపల్లి ఠాణాను ముట్టడించి, 11 తుపాకులను, 5 కత్తులను గైకొనెను. అంతటితో వెడలిపోక, తీసికొన్నవాని నెల్ల ఠాణా పుస్తకమున వ్రాసి సంతకము చేసెను. వ్రాతవలన వస్తువు చరిత్రలో నిలుచును.

కావుననే సేకర్తలు ఖడ్గపు మెఱుగును గాక, అలుగుపై గల ముద్రను, సంఖ్యను, చేసినవారి పేరును మొదట వెదకుదురు. తుప్పు వదలించు తొందరలో ఆ యక్షరములు అరిగిపోయినచో మిగులునది ఇనుము మాత్రమే. 1972 నాటి చట్టము ననుసరించి నూఱేండ్లు నిండిన పురావస్తువులను ఎవరును స్వయముగా విదేశములకు పంపరాదు.

బాలలారా! ఇంటి అటకపై పాతకత్తి కనబడినచో దానిని తోమవలదు. పెద్దలకు చూపి, అది ఎవరిదో, ఎట్లు వచ్చెనో అడిగి వ్రాసియుంచుడు.