ఖరిదా పిల్లలకు మంచి బడి ఏది?

బెంగాల్-నాగపూర్ రైల్వే కొలువులకై తెలుగువారు ఖరగ్‌పూర్ చేరి నూరేళ్లు దాటింది. ఆ ఊరి ఖరిదా పేటలో తెలుగు పిల్లవాడు ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ, బజారులో హిందీ వింటాడు. ఉద్యోగమేమో ఇంగ్లీషు అడుగుతుంది. అట్టివానికి మంచి బడి ఏది? ఉత్తీర్ణుల శాతం చూసి చెప్పలేము. చురుకైనవారినే ఏరి చేర్చుకుంటే ఏ బడికైనా ఫలితాలు వస్తాయి. మొదటి లెక్క వానికి అమ్మ మాటలో అర్థమైందా, పై తరగతులకు కావలసిన బెంగాలీ, ఇంగ్లీషు క్రమంగా పట్టుబడ్డాయా అన్నది చూడాలి.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా హోదా ప్రకటించింది. సంతోషమే. కాని హోదా పాఠం చెప్పదు. బడి తెరిచిన నాటికే తెలుగు వాచకమూ, దానిని బోధించగల పంతులూ తరగతిలో ఉంటే, ప్రైవేటు బడికి ఫీజు కట్టలేని తండ్రి బిడ్డను నిశ్చింతగా పంపగలుగుతాడు.