బొగ్గుబాయి ఊళ్ళో వెండితెర వనితలు

బొగ్గుకూ సినిమాకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. అమెరికాలో హాలీవుడ్ చిత్రసీమకు రాజధాని కాకముందు, ఆ పదవి ఫోర్ట్ లీ అనే చిన్న ఊరిది. న్యూయార్కుకు ఎదురుగా, హడ్సన్ నదికి ఆవలి గట్టున ఉన్నది ఆ ఊరు. గాజు కప్పులు వేసిన స్టూడియోలు అక్కడ వరుసగా వెలిశాయి. 1917-18 చలికాలంలో, మొదటి ప్రపంచయుద్ధం సాగుతూ ఉండగా, అక్కడ బొగ్గుకు కరువు వచ్చిపడింది. స్టూడియోలను వెచ్చగా ఉంచడానికి బొగ్గు లేక పనులు ఆగిపోయాయి. అప్పటికే ఎండ వెతుక్కుంటూ కాలిఫోర్నియాకు దారితీస్తున్న కంపెనీలకు ఇదొక సాకు అయింది. పొయ్యి ఆరింది, ఊరు చల్లబడింది.

నేను కాపురముంటున్నది గోదావరిఖనిలో. మా కాళ్ళకింద ఉన్నదంతా బొగ్గే. అందుకే కాబోలు, ఈ కథ చదివినప్పుడు ఎక్కడో అమెరికా ఊరు నాకు పొరుగూరులా తోచింది. అయితే నన్ను పట్టి నిలిపింది బొగ్గు సంగతి కాదు. ఆ ఊరివాళ్ళు ఒక మరచిపోయిన స్త్రీని వెతికి తెచ్చుకున్న సంగతి.

పేరు పోగొట్టుకున్న దర్శకురాలు

ఆమె పేరు ఆలిస్ గై. 1873లో పుట్టిన ఫ్రెంచి వనిత. పారిస్‌లో కెమెరాలమ్మే ఒక కంపెనీలో సెక్రటరీగా చేరింది. సినిమా అప్పుడే పుట్టిన పసికందు. రైలు రావడం, కూలీలు ఫ్యాక్టరీనుంచి బయటికి రావడం - ఇవే అప్పటి బొమ్మలు. వీటితో కథ చెప్పరాదా అని ఆలిస్ అనుకున్నది. ఆఫీసు పనికి అడ్డురాకుండా చేసుకొమ్మని యజమాని సెలవిచ్చాడు. 1896లో క్యాబేజీ మడిలోనుంచి పిల్లలను తీసి ఇచ్చే దేవకన్య కథను ఆమె చిన్న బొమ్మగా తీసింది.

తరువాత పెండ్లాడి అమెరికా వెళ్ళింది. 1910లో సోలాక్స్ అనే సొంత కంపెనీ పెట్టింది. 1912లో ఫోర్ట్ లీలో సొంత స్టూడియో కట్టించింది. నటులకు కనబడేటట్టు గోడమీద ఒకే ఒక్క మాట రాయించింది: “సహజంగా ఉండండి”. ఇంత చేసిన మనిషి 1922లో పిల్లలను వెంటబెట్టుకుని ఫ్రాన్సుకు తిరిగిపోయింది. మళ్ళీ బొమ్మ తీయలేదు. చరిత్రలు రాసినవారు ఆమె తీసిన బొమ్మలలో కొన్నింటిని మగవాళ్ళ పేర్ల కింద వేశారు. వృద్ధాప్యంలో తన బొమ్మలను తానే వెతుక్కుంటూ తిరిగింది. దొరికినవి బహు కొద్ది. 1968లో కన్నుమూసింది.

తరువాతి కథ ఫోర్ట్ లీ ఊరివాళ్ళది. తమ వీథిలో స్టూడియో కట్టిన స్త్రీ పేరు తామే నిలబెట్టాలని పట్టుబట్టారు. బొమ్మలు వేశారు, సభలు పెట్టారు. 2012లో ఆమె సమాధికి కొత్త రాయి పెట్టించి, ఆమె తొలి మహిళా దర్శకురాలని దానిమీద చెక్కించారు. 2022లో బారీమోర్ ఫిల్మ్ సెంటర్ అనే పేరుతో ఒక హాలూ మ్యూజియమూ కలిపి తెరిచారు. హాలులో పాత బొమ్మలాడుతాయి, ఊరివాళ్ళు వచ్చి చూస్తారు. మ్యూజియమంటే అద్దాల బీరువా మాత్రమే కాదని వాళ్ళు నిరూపించారు.

మన పెట్టెలో ఏమున్నది?

ఇక మన సంగతి. మా జిల్లాలో ధూళికట్ట, పెద్దబొంకూరు తవ్వకాలలో శాతవాహన కాలపు నాణేలు దొరికాయి. రెండువేల ఏండ్లనాటి నాణేనికి మర్యాద చేయడం మనకు తెలుసు. అరవై ఏండ్లనాటి సినిమా పాటల పుస్తకానికి మాత్రం ఏ మర్యాదా లేదు. పాత కాగితాలవాడి తక్కెడే దాని గతి.

మావంటి ఊళ్ళకు మరొక చిక్కు కద్దు. ఇక్కడ ఎవరిదీ తాతలనాటి ఇల్లు కాదు. బొగ్గుబాయిలు తెరిచాక పది జిల్లాలనుంచి వచ్చి చేరినవాళ్ళం. ఉద్యోగమున్నంతకాలం క్వార్టరు. రిటైరైన నాడు తాళం చెవి అప్పగించి, సామాను లారీకెత్తుకుని ఎవరి దారి వారిది. ఆ లారీ ఎక్కేముందు ప్రతి ఇంట్లోనూ ఒక తగువు నడుస్తుంది: ఏది ఉంచాలి, ఏది పారేయాలి? మంచం ఉంటుంది, బీరువా ఉంటుంది. అడుగున పడిన రేకుపెట్టె ఖాళీ అవుతుంది. అలా ఒక్కొక్క క్వార్టరుతో ఈ ఊరి జ్ఞాపకమూ కొంత లారీ ఎక్కుతున్నది.

మా వాడలో ఒక అవ్వ ఉన్నది. ఆమె పెనిమిటి ముప్ఫై ఏండ్లకు పైగా బాయిలో పనిచేశాడు. ఈ మధ్య ఒక సాయంత్రం ఆమె రేకుపెట్టె తెరిస్తే అడుగున గుడ్డలో చుట్టిన పాటల పుస్తకాలు కనబడ్డాయి. సినిమా హాలు దగ్గర పైసలకు అమ్మేవారే, అవి. అట్టలు ఊడాయి; లోపలి అక్షరాలు చెక్కుచెదరలేదు.

“నువ్వు చదువుకోలేదు గదా అవ్వా, ఇవెందుకు కొన్నావు?” అని అడిగాను.

“సదివి పెట్టేటోళ్ళు లేకనా బిడ్డా! పక్కింటి పోరి సదివేది, మేం పాడుకునేటోళ్ళం,” అన్నది.

తరువాత ఆమె చెప్పిన ముచ్చట వినండి. “మీ తాత సెకండ్ షిఫ్టుకు పోయిన దినమే మాకు సినిమా. ఐదారుగురం ఆడోళ్ళం కలిసి ఫస్ట్ షోకు పోయేది. వచ్చి పొయ్యి ముట్టిచ్చి, నీళ్ళు కాగబెట్టేసరికి ఆయన వస్తుండె, మొఖమంత బొగ్గుతోని. ఏడికన్న పోయినవా అని అడిగెటోడు. ఏడికి పోత, ఇంట్లనే ఉన్న అంటుంటి. సావిత్రి ఏడిస్తే మేం గూడ ఏడ్చినం. మేం ఏడ్చిన సంగతి ఎవ్వలు రాసుకోలే, బిడ్డా.”

ఆ చివరి మాట నన్ను వదలలేదు. ఆ సావిత్రే ఒక సినిమాకు దర్శకత్వం వహించిందని, అందులో ముఖ్యమైన పనులెన్నో ఆడవాళ్ళే చేశారని అవ్వకు చెప్పాను. 1968లో వచ్చిన ‘చిన్నారి పాపలు’ అది; సంగీతం పి. లీలది. అవ్వ నోరు తెరుచుకుని చూసింది. “తెర మీద ఏడ్సుడే అనుకున్న. తెర ఎనుక కూసోని చెప్పింది గూడ సావిత్రేనా?” అన్నది.

ఈ ప్రశ్న అవ్వ ఒక్కతెదే కాదు. ఆడవాళ్ళ ముఖాలు మనకు కంఠతా వచ్చు. వాళ్ళు చేసిన పని తెలియదు.

తెలియవలసిన పేర్లు

మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయి నాటకాల తల్లి ఒడిలో పెరిగిన పిల్ల. తక్కిన నాటకాలలో మగవాళ్ళు మీసాలు తీసి ద్రౌపది వేషం కడుతున్న రోజుల్లోనే, సురభి కుటుంబాలలో ఆడవారి వేషాలు ఆడవారే కట్టేవారు. ఆ టాకీ 1931లో వచ్చిందని మనం ఏండ్ల తరబడి చెప్పుకున్నాం. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత కాగితాలు తిరగేసి, అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైనదని నిగ్గుతేల్చారు. ఎవరో భద్రం చేసిన కాగితం లేకపోతే పుట్టినరోజే తప్పుగా నిలిచేది.

దాసరి కోటిరత్నం నాటక సమాజం నడిపిన ధీరురాలు. 1935లో వచ్చిన ‘సతీ సక్కుబాయి’తో తెలుగులో తొలి మహిళా నిర్మాత అనిపించుకున్నది. భానుమతి 1939లో ‘వరవిక్రయం’తో తెరమీదికి వచ్చి, 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషలలో తానే దర్శకత్వం వహించి తీసింది. ఆ చేతితోనే అత్తగారి కథలు రాసి మనలను కడుపుబ్బ నవ్వించింది. విజయనిర్మల 1973లో యద్దనపూడి సులోచనారాణి నవలతో ‘మీనా’ తీసింది; నలభైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. స్త్రీ రాసిన నవలను స్త్రీయే సినిమాగా తీసింది. వంటింట్లో సీరియల్ చదువుకున్న స్త్రీలు టిక్కెట్టు కొని ఆ సినిమా చూశారు. ఈ ముగ్గురిలో మూడవవారి లెక్క ఎవరూ వ్రాయరు.

తెలంగాణ గడ్డ కథలు చూడండి. బి. నర్సింగరావు ‘దాసి’ 1988లో వచ్చింది. గడీలో మగ్గిన ఆడమనిషిగా నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి బహుమానం వచ్చింది. 2023లో వచ్చిన ‘దసరా’ మా బొగ్గు ప్రాంతపు పల్లె కథే. అందులో కీర్తి సురేశ్ కట్టిన వెన్నెల పాత్రను మా ఆడపిల్లలు తమ ఇంటి పిల్లగానే చూసుకున్నారు. ఆ ఏడే వచ్చిన ‘బలగం’ను పల్లెపల్లెలో ఊరి నడుమ తెరకట్టి, చాపలు పరిచి, ఊరంతా కూర్చుని చూశారు. చివర భర్త పస్తం మొగిలయ్యతో కలిసి కొమురమ్మ పాడుతుంటే కన్ను తడవనివారు లేరు. మొగిలయ్య 2024లో కాలం చేశాడు. తరతరాల పాట అలా తెరకెక్కింది కాబట్టి మిగిలింది.

ఇక్కడే ఒక పోలిక తోస్తున్నది. 1952 గనుల చట్టం భూమి లోపలి పనికి ఆడవారిని రానివ్వలేదు. 2019లో కేంద్రప్రభుత్వం ఆ పట్టు కొంత సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ పనులకు పగటివేళ లోపలికి దిగవచ్చునన్నది. బాయిలో దిగని రోజుల్లో కూడా బాయి బతుకును మోసింది వాళ్ళే. నీళ్ళు కాగబెట్టి, సైరన్ కూసినప్పుడల్లా గుండె చేతబట్టుకుని కూర్చున్నది వాళ్ళే. కెమెరా వెనుక ఉన్న స్త్రీకి, క్వార్టరులో ఉన్న స్త్రీకి కొరత ఒక్కటే. పని ఉన్నది, పేరు లేదు.

ఒక్క సాయంత్రం చాలు

మ్యూజియం కట్టాలంటే లక్షలు కావాలి, నిజమే. ఒక సాయంత్రం జరపడానికి అంత అక్కరలేదు. కాలనీలో ఒక హాలు, గోడకొక తెల్లని తెర, నాలుగు బల్లలు ఉంటే చాలు.

బల్లలమీద ఎవరింటి పాటల పుస్తకాలు, ఎవరింటి ఫొటోలు, వారపత్రికల ముఖచిత్రాలు వారే తెచ్చి పెట్టాలి. పక్కన ఒక చీటీ ఉండాలి: వస్తువు ఎవరిది, ఏ హాలులో ఏ బొమ్మ చూశారు, ఎవరితో కలిసి వెళ్ళారు. వస్తువు సాయంత్రం మళ్ళీ వారి ఇంటికే పోతుంది. దాని ఫొటో, చీటీలోని కథ మాత్రం ఊరి గ్రంథాలయంలో ఒక నోటుబుక్కులోకి ఎక్కుతాయి. చదువురాని అవ్వలు చెబుతుంటే హైస్కూలు పిల్లలు రాసుకోవాలి. పిల్లలకు చరిత్ర పాఠం, అవ్వలకు శ్రోతలు!

తరువాత పాత పాటలు పాడించండి. రేడియోకు నోరు కలిపి పాడిన గొంతులు మన వాడలలో ఇంకా ఉన్నాయి. చివర ఒక స్త్రీ దర్శకత్వం వహించిన బొమ్మ వేయండి. హక్కులున్నవారి అనుమతి ముందుగా తెచ్చుకోవాలి సుమా! బొమ్మ మొదలయ్యే ముందు పేర్లు పడేటప్పుడు లైట్లు ఆర్పి మాటలు మానేయండి. ఆ పేర్లలో ఆడవాళ్ళవి ఎన్ని ఉన్నాయో పిల్లల చేత లెక్కపెట్టించండి. ఆ లెక్క ఏ ఉపన్యాసంకంటే బాగా నాటుకుంటుంది.

షిఫ్టు మారే వేళ పెట్టకండి. మగవాళ్ళకు అన్నం పెట్టవలసి వచ్చి మళ్ళీ ఆడవాళ్ళే రాలేకపోతారు. బతుకమ్మ తొమ్మిది రోజులకు ముందు వచ్చే ఆదివారమైతే సరి. అప్పటికి అందరికీ పాటమీదికి మనసు పోతుంది.

నేను ఈ మాట మా వాడలో అన్నప్పుడు ఒక చెల్లెలు, “ఎవలు వస్తరక్కా? అందరిండ్లల్ల టీవీలు, సెల్లులు ఉండె,” అన్నది. అవ్వ అందుకుని, “నా బుక్కులు పెడితే నేనొస్త. నన్ను చూడ నా మనుమరాండ్లొస్తరు,” అన్నది. లెక్క సరిగ్గానే ఉన్నది. ఒక్కొక్క పెట్టె వెనుక పదిమంది వస్తారు.

ఫోర్ట్ లీ వాళ్ళు ఆలిస్ గై కోసం వెతకడం మొదలుపెట్టేనాటికి ఆమె పోయి చాలా ఏండ్లయింది. ఆమెను అడగవలసినవి అడగలేకపోయారు. మన అవ్వలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఈ రాత్రి వంట పని తీరాక మీ ఇంట్లో పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చూసిన మొదటి సినిమా ఏదో అడగండి. చెప్పింది చెప్పినట్టు కాగితంమీద రాసి, కింద ఆమె పేరూ తేదీ వేసి, రేకుపెట్టెలో పైననే పెట్టండి. లారీ వచ్చిన నాడు ఆ కాగితం అందరికంటే ముందు మీ చేతిలో ఉండాలి.