ఒకే ఆకు, ఎన్నో రుచులు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ టీ గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని మీ ముందుకొచ్చాను. "ఇదేం విషయమండీ, మాకు టీ పెట్టడం తెలీదా?" అని నవ్వుకుంటున్నారు కాబోలు. నేనూ అలా అనుకున్నదాన్నే. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళ నుంచీ రోజుకి పది కప్పులు కలుపుతున్న చెయ్యి ఇది. మా అత్తగారికి అల్లం వేసి పంచదార తక్కువ, మావారికి బాగా చిక్కగా, పెద్దాడికి పాలు ఎక్కువ, అమ్మాయికి యాలకులు. ఎవరి టీ ఎలా ఉండాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మరి నాకెలా ఉండాలి? అది ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. అందరికీ ఇచ్చాక గిన్నె అడుగున మిగిలింది, చల్లారాక, గట్టు దగ్గర నిలబడి గొంతులో పోసుకోవడమే నాకు తెలిసిన టీ.

కిందటేడు మా చెల్లెలి కొడుకు తైవాన్ నుంచి వచ్చాడు. అక్కడ ఉద్యోగం వాడికి. "పెద్దమ్మా, ఇది నీకే" అంటూ ఓ చిన్న రేకు డబ్బా చేతిలో పెట్టాడు. తీసి చూస్తే మిరియాల కన్నా కాస్త పెద్దవి, ముదురాకుపచ్చ రంగు ఉండలు. ఊలాంగ్ టీ అన్నాడు. సరే, టీయే కదా అని పాలూ నీళ్ళూ కలిపి, పంచదార పోసి, మూడు చెంచాల ఉండలు పడేసి మరిగించాను. ఎంతసేపటికీ రంగు రాదే! ఇంకో రెండు చెంచాలు వేశాను. ఉండలన్నీ విచ్చుకుని, గిన్నె నిండా గోంగూర ఉడుకుతున్నట్టు ఆకులే ఆకులు. వడగట్టి ఇచ్చాను. పాపం, కుర్రాడు మారుమాట్లాడకుండా తాగేశాడు.

మర్నాడు మధ్యాహ్నం మాత్రం, "పెద్దమ్మా, ఇవాళ నువ్వు కూర్చో, నేను పెడతాను" అన్నాడు. ఓ చిన్న కప్పులో లేత పసుపు రంగు నీళ్ళు తెచ్చిచ్చాడు. మొదటి గుక్క వేణ్ణీళ్ళలాగే అనిపించింది. రెండో గుక్కకి ఎక్కడో పూలు విచ్చుకున్న వాసన. మింగిన కాసేపటికి గొంతులో సన్నని తీపి. పంచదార వెయ్యలేదు కదా, ఈ తీపి ఎక్కణ్ణుంచి వచ్చింది? అడిగితే వాడు తెలిసినంత చెప్పాడు. మిగతాది నేను అడిగీ చదివీ తెలుసుకున్నాను. పదో తరగతితో చదువు ఆపినదాన్ని కనక, నాకు అర్థమైన తీరులోనే మీకు చెబుతాను.

ముందుగా ఒక సంగతి. పచ్చ టీ, నల్ల టీ, ఊలాంగ్ అని రకరకాల పేర్లున్నా చెట్టు ఒక్కటే. తేడా అంతా కోసిన తరవాత ఆకుని ఏం చేశారన్న దాంట్లో ఉంది. వంకాయ తరిగి నీళ్ళలో వెయ్యకుండా వదిలేస్తే కాసేపటికి నల్లబడుతుంది కదూ? కోసిన చోట కాయలోని పదార్థాలకి గాలి తగిలి రంగు మారుతుంది. టీ ఆకుని నలిపినా అంతే. కొయ్యగానే వేడి తగిలించి ఆ మార్పు జరగకుండా ఆపేస్తే పచ్చ టీ. బాగా నలిపి పూర్తిగా మారనిస్తే నల్ల టీ. ఈ రెంటికీ నడుమ, సగంలో ఆపితే ఊలాంగ్.

ఈ సగంలో ఆపడం ఉందే, అదే అసలు పనితనం. ఆకుల్ని కాస్త ఎండలో వాడబెట్టి, వెదురు చేటల్లో మెల్లగా ఎగరేస్తారు. మనం బియ్యం చెరిగినట్టే అనుకోండి. అంచులు నలుగుతాయి, మధ్య భాగం నలగదు. కాసేపు ఆరనిచ్చి మళ్ళీ ఎగరేస్తారు. అంచులు ఎర్రబారి, నడుమ పచ్చగా ఉండి, పూల వాసన వచ్చిన సమయం చూసి వేడి మూకుట్లో వేస్తారు. దాంతో మార్పు ఆగిపోతుంది. తరవాత చుట్టడం, ఆరబెట్టడం, కొన్నింటిని సన్నని సెగ మీద వేయించడం. పోపు ఎప్పుడు దించాలో గడియారం చూసి చెప్పలేం కదా, ముక్కే చెప్పాలి. వాళ్ళ పనీ అలాంటిదే.

ఊలాంగ్ పుట్టిల్లు చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం. వాళ్ళ భాషలో ఆ మాటకి నల్ల డ్రాగన్ అని అర్థం. ఆ రాష్ట్రంలో ఆన్‌షీ అనే చోట తయారయ్యే తియెగ్వాన్యిన్ చాలా పేరున్న రకం. ఈమధ్య ఎక్కువగా పచ్చగా, పూల వాసనతో చేస్తున్నారు. ఇక ఊయీ కొండల్లో రాళ్ళ సందున పెరిగే మొక్కల ఆకుని బాగా కాలుస్తారు. అది ముదురు రంగులో, వేయించిన గింజల వాసనతో ఉంటుంది. తైవాన్‌లో అలీషాన్ లాంటి ఎత్తైన కొండల మీద చల్లదనానికి ఆకు నెమ్మదిగా పెరుగుతుంది. మా వాడు తెచ్చింది ఆ రకమే.

తైవాన్‌దే ఇంకొకటుంది, వింటే ఆశ్చర్యపోతారు. మన పొలాల్లో పైర్లకి పచ్చదోమ పడుతుంది చూడండి, అలాంటి పురుగే అక్కడి టీ మొక్కల లేత చిగుళ్ళని కుడుతుంది. కుట్టిన ఆకు ఆత్మరక్షణ కోసం కొన్ని సువాసన పదార్థాలు పుట్టిస్తుంది. ఆ ఆకుతో చేసిన టీకి తేనె వాసన, పండిన పళ్ళ వాసన! ప్రాచ్య సుందరి అని దానికి పేరు. ఆ పురుగు కావాలి కనక తోటలో దాన్ని చంపే మందు కొట్టరు. మన డార్జిలింగ్‌లో వేసవి కోతకి వచ్చే ద్రాక్షపండు వాసనలో కూడా ఇలాంటి పురుగుల పాత్ర ఉంది. డార్జిలింగ్ తోటలు కొన్ని ఊలాంగ్ కూడా తయారుచేస్తున్నాయి. అంచేత పరదేశం నుంచి ఎవరో తేవాలన్న బెంగ లేదు.

మరి మన ఇళ్ళలోని పొడి టీ సంగతేమిటి? దాన్ని చిన్నచూపు చూడకండి. 1930లలో అస్సాంలో ఆకుని నలిపి, చీల్చి, గుండ్రంగా చుట్టే యంత్రం వచ్చింది. ఇప్పుడు మన దేశంలో తయారయ్యే టీలో చాలా భాగం అదే. డికాషన్ త్వరగా దిగుతుంది, రంగూ వగరూ గట్టిగా ఉంటాయి. పాలు పోసినా తట్టుకునేలా చేసిన టీ అది. పాలలోని మాంసకృత్తులు ఆ వగరుని పట్టేసి నాలుక్కి మెత్తగా చేస్తాయి. ఊలాంగ్‌లో అంత వగరు లేదు, ఉన్నదల్లా వాసనే. పాలు పోస్తే ఆ వాసన కాస్తా మునిగిపోతుంది. నేను చేసిన పొరపాటు అదన్నమాట.

ఇక పెట్టే విధానం. మనిషికి ఒక చెంచా ఉండలు, అంటే సుమారు మూడు గ్రాములు చాలు. విడివిడిగా పొడుగ్గా ఉండే ఆకైతే తేలిక కనక రెండు చెంచాలు కావాలి. నీళ్ళు తెర్లాక దించి ఓ నిమిషం ఆగండి. కప్పు నీళ్ళు పోసి, మూతపెట్టి, మూడు నిమిషాలకి వడగట్టండి. ఆకు విచ్చుకోవడానికి చోటు కావాలి కనక ఇరుకు జాలీలో కుక్కకండి. ఆ ఆకు పారెయ్యకూడదు సుమా! మళ్ళీ రెండుసార్లయినా నీళ్ళు పోసుకోవచ్చు, ప్రతిసారీ ఓ నిమిషం ఎక్కువ ఉంచాలి. లెక్క చూడండి: యాభై గ్రాముల పొట్లం పదహారు సార్లకి వస్తుంది. సారికి మూడు కప్పులంటే నలభై ఎనిమిది కప్పులు. ధర వినగానే గుండె గుభేలుమన్నా, కప్పు లెక్కన చూస్తే అంత భయం లేదు. నీళ్ళు మాత్రం మంచినీళ్ళే కావాలి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే టీ మీద తెట్టు కట్టి వాసన చచ్చిపోతుంది.

రుచి చూడ్డానికీ ఓ పద్ధతి ఉంది. టీ కంపెనీల్లో ఇదే ఉద్యోగంగా చేసేవాళ్ళున్నారు. 1980లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఆ పద్ధతిని రాసిపెట్టింది: నూరు మిల్లీలీటర్ల మరిగే నీళ్ళకి రెండు గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. అది రకాలని పోల్చడానికే గాని తాగి ఆనందించడానికి కాదు, చేదెక్కిపోతుంది. మనకి కావలసింది వాళ్ళ అలవాటు. ముందు పొడి ఆకు వాసన చూడాలి. తరవాత తడిసిన ఆకు వాసన, మూత వెనక వాసన. ఆ తరవాత చెంచాడు టీ నోట్లోకి జుర్రుమని పీల్చాలి. చప్పుడు చేస్తూ తాగితే చిన్నప్పుడు మా అమ్మ మొట్టేది. కాని గాలితో కలిసి పీలిస్తేనే వాసన ముక్కు వెనక్కి చేరుతుందట. రుచిగా మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. జలుబు చేసినప్పుడు చారు చప్పగా ఉండటం మీకు తెలిసిందే.

రుచికి పేర్లు పెట్టడంలో మనకి లోటు లేదు. వగరు అనే మాట పచ్చి అరటికాయ ముట్టుకున్న ప్రతి తెలుగు పిల్లకీ తెలుసు. మూడు కప్పులు వరసగా పెట్టుకోండి: పాలు లేని మన పొడి టీ పల్చగా, డార్జిలింగో నీలగిరో ఆకు టీ ఒకటి, ఊలాంగ్ ఒకటి. ఆవకాయన్నం తిన్న వెంటనే వద్దు. మధ్యమధ్య నాలుగు మరమరాలు నమిలి, మంచినీళ్ళతో నోరు కడుక్కోండి. ఏది నాలుకని పట్టింది, ఏది జారింది, ఏది మింగాక మిగిలింది? చూస్తూండగానే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు వాసన కట్టిన నల్ల టీల దగ్గరికి వద్దాం. ఇవి మనకి కొత్తేం కాదు. అల్లం, యాలకులు వేసిన మన టీ కూడా ఆ కోవదే. ఎర్ల్ గ్రే అనే దానికి బెర్గమాట్ తొక్క నూనె పట్టిస్తారు. ఇటలీలోని కలాబ్రియాలో పండే నారింజ జాతి కాయ అది. తొక్క గిల్లితే వచ్చే వాసన మన దబ్బకాయకి దగ్గర చుట్టం. 1830 నుంచి 1834 వరకు బ్రిటన్ ప్రధానమంత్రిగా ఉన్న ఎర్ల్ గ్రే పేరు దానికి ఎక్కింది. లాప్సాంగ్ సూచాంగ్ అని ఇంకోటి, ఊయీ కొండలదే. పైన్ కట్టెల పొగ మీద ఆరబెడతారు. కట్టెల పొయ్యి మీద వండిన రోజులు గుర్తొస్తాయి. గులాబీ రేకులతో, లిచీ వాసనతో చేసేవీ ఉన్నాయి. వీటికి తెర్లే నీళ్ళే పొయ్యాలి, మూడు నాలుగు నిమిషాలు చాలు.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. పొట్లం విప్పగానే గుప్పుమంటే మురిసిపోకండి. కప్పులో పోశాక ఆ వాసన కింద టీ రుచి ఉందా, లేక ఒట్టి అత్తరు నీళ్ళేనా చూడండి. తాళింపు ఘుమఘుమలాడినా పప్పు ఉడక్కపోతే ఏం లాభం? నాసి ఆకుని వాసనతో కప్పడం సులువు. అందుకని మొదటిసారి పాతిక గ్రాములే కొనండి. తెచ్చాక గాలి చొరని డబ్బాలో పెట్టి, ఇంగువకీ మసాలాకీ దూరంగా ఉంచండి. టీ ఆకు పక్కవాటి వాసన ఇట్టే లాగేస్తుంది. నా డబ్బా రెండు వారాలు ఇంగువ పక్కన కాపరం చేసింది. ఆ ఎర్ల్ గ్రే ఎలా ఉందో చెప్పక్కర్లేదు, మా అమ్మాయి దానికి చారు టీ అని పేరు పెట్టింది.

ఆరోగ్యం సంగతి రెండు మాటలు. ఊలాంగ్ తాగితే ఇట్టే సన్నబడతారని చెప్పి అమ్ముతూంటారు, ఆ ఆశతో కొనకండి. ఏ టీ అయినా భోజనంతోపాటు తాగితే అన్నం, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళు భోజనానికీ టీకీ గంట ఎడం ఉంచండి. నిద్ర పట్టనివాళ్ళు సాయంత్రం దాటాక మానండి.

చివరిగా మా ఇంటి మాటొకటి చెప్పి ముగిస్తాను. ఇప్పుడు మధ్యాహ్నం మూడు గంటలకి పని ఆపి, ఓ పావుగంట కూర్చుని నా కప్పు నేను తాగుతున్నాను. వేడిగా, కూర్చుని! ఓరోజు మా అత్తగారు, "ఆ నీళ్ళ టీ ఏమిటో నాకూ ఓ చుక్క పొయ్యవే" అన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ రోజు ఎర్ల్ గ్రే పోశాను, కొత్తగా తెచ్చింది లెండి. రెండు గుక్కలు తాగి, "మా పుట్టింటి దొడ్లో దబ్బచెట్టు వాసనే ఇది" అన్నారు. "అల్లం వెయ్యమంటారా అత్తయ్యగారూ?" అన్నాను, అలవాటు కొద్దీ. "వద్దే తల్లీ. అల్లం మీ మావగారికి ఇష్టం. నాకు గొంతులో మంట" అన్నారు.

మావగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళూ ఆవిడకి అల్లం టీ ఇస్తూ వచ్చింది నేనే. ఎవరి టీ ఎలా ఉండాలో నిద్రలో లేపినా చెబుతానన్నానే, ఆ గొప్ప ఆ పూటతో సరి.

అంచేత ఈవేళ మధ్యాహ్నం పొయ్యి మీద నీళ్ళు పెట్టే ముందు మీ ఇంట్లో పెద్దావిణ్ణి ఓసారి అడగండి, "మీకెలా ఇష్టమండీ?" అని. తరవాత అదే మాట మిమ్మల్ని మీరూ అడుక్కోండి.

సెలవు.